దాణాలో కలిపే ఎంజైమ్ ప్యాకెట్లు అమ్మే అన్నలకి ఒక బహిరంగ లేఖ

అన్నలకి నమస్కారం.

మాది కందుకూరు పక్కన ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు. దానివల్ల మా కోళ్ళకి ఒరిగింది ఏమీ లేదు గానీ మీ రాకపోకలు మాత్రం పెరిగాయి. అంతకుముందు ఒంగోలు నుంచి ఒక్క అన్నే వచ్చేవాడు. ఇప్పుడు ఒంగోలు అన్న బండి మలుపు తిరిగేలోపు నెల్లూరు అన్న బండి వచ్చి ఆగుతోంది. ఇద్దరి బ్యాగుల్లోనూ ఎంజైములే, అంటే దాణాలో కోడికి అరగని దాన్ని అరిగించే పొడులు. ఇద్దరూ చెప్పే మాటా ఒకటే: "వేసి చూడు అన్నా, తేడా నీకే తెలుస్తుంది."

వేసి చూశాను. తేడా తెలిసింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే కంపెనీ దాణా వాడే వాళ్ళు ఇదంతా మాకెందుకు అనుకుంటారు. నేను ఇంటిగ్రేషన్‌లో (కంపెనీయే పిల్లలు, దాణా ఇచ్చి మన చేత పెంచించే పద్ధతి) లేను. పిల్లలు నేనే కొంటాను, దాణా నేనే ఆడిస్తాను, లాభమొచ్చినా నష్టమొచ్చినా నాదే. ఒక్కో బ్యాచ్‌కి ఐదు వేల పైచిలుకు బ్రాయిలర్ పిల్లలు దించుతాను, నలభై రోజులకి దగ్గర దగ్గర పదహారు, పదిహేడు టన్నుల దాణా అవుతుంది. మొక్కజొన్న, సోయా చెక్క, దొరికినప్పుడు మిల్లు తవుడు, నూకలు, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్, ఎముకకి భాస్వరం, కాల్షియం ఇచ్చే పొడి), రాయి పొడి (సున్నపురాయి పిండి, కాల్షియం కోసం), ఉప్పు, ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల పొడి). రూపాయి పెట్టుబడిలో డెబ్బై పైసల దాకా దాణాకే పోతుంది కాబట్టి, దాణాలో రూపాయి మిగులుతుందని ఎవరైనా అంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. అది మీకూ తెలుసు, అందుకే గేటు తీయకముందే ఆ మాట అంటారు.

ఎంజైమ్ మోసం అని నేను అనడం లేదు. ఒంగోలు గిత్తకి తవుడు పెడతాం, నిగనిగలాడుతూ ఉంటుంది. అదే తవుడు కోడికి పెడితే అందులోని భాస్వరంలో ఎక్కువ భాగం రెట్టలో బయటికి పోతుంది. గింజల్లోనూ తవుడులోనూ ఉండే భాస్వరంలో మూడింట రెండు వంతులు, తవుడులో అయితే ఇంకా ఎక్కువే, ఫైటేట్ అనే రూపంలో ముడిపడి ఉంటుంది. గిత్త పొట్టలో ఆ ముడి విప్పే సూక్ష్మజీవులు ఉన్నాయి, అవి ఫైటేజ్ తయారు చేసుకుంటాయి. కోడికి ఆ వసతి చాలినంత లేదు. ముడి విప్పలేని భాస్వరం లిట్టరులో (షెడ్డులో పరిచిన ఊక, రెట్ట) కలిసి మా ఊరి నుంచి లారీలెక్కి నిమ్మ తోటలకి పోతుంది, కోడి ఎముకకి మాత్రం మేం డీసీపీ కొని పెట్టాలి. ఈ ముడి విప్పే ఫైటేజ్‌ని బూజు నుంచీ బ్యాక్టీరియా నుంచీ తయారు చేసి 1991 నుంచి అమ్ముతున్నారు. అంటే ఇది నిన్న మొన్న పుట్టిన వింత కాదు, ప్రపంచమంతా వాడుతున్న సరుకు. డాక్టర్లు చెప్పగా విన్నాను, తర్వాత చదివాను కూడా. నాకు దాని మీద కోపం లేదు.

కోపం మీ అమ్మకం మీద.

రెండేళ్ళ కిందట ఎండాకాలం. మీలో ఒక అన్న (పేరు ఎందుకులే, ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడట) వచ్చి, "ఇది టన్నుకి వంద గ్రాములు వెయ్యి, డీసీపీ సగం తీసెయ్యి" అన్నాడు. నేను టన్నుకి పదహారు కిలోల డీసీపీ వేసేవాణ్ణి. ఎనిమిది చేశాను. లెక్కేస్తే బ్యాచ్ మొత్తానికి రెండున్నర బస్తాలు మిగిలింది, సంబరమే. ఇరవై రోజులు కోళ్ళు బాగానే తిన్నాయి. ఇరవై రెండో రోజు పొద్దున షెడ్డులోకి వెళ్తే ఒక మూల కొన్ని కూర్చునే ఉన్నాయి, దగ్గరికి పోతే లేవడం లేదు, రెక్కలు ఆనించుకుని జరుగుతున్నాయి. ఎండ దెబ్బేమో అనుకుని నీళ్ళు చల్లాను, ఎలక్ట్రోలైట్ పెట్టాను. మూడు రోజుల్లో అవి ఆరు వందలయ్యాయి.

మండలం డాక్టరు గారు వచ్చి రెండు కోళ్ళని కోసి చూశారు. కాలి ఎముకని వేళ్ళ మధ్య పెట్టి వంచారు. అది టక్కున విరగాల్సింది, లేత మునక్కాయలా వంగింది. ముక్కు కూడా రబ్బరు మాదిరి మెత్తగా ఉంది, పక్కటెముకల మీద పూసలు గుచ్చినట్టు ఉబ్బులు. "భాస్వరం చాల్లేదయ్యా, రికెట్స్" అన్నారు, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు. ఎంజైమ్ వేస్తున్నాను కదండీ అన్నాను. ప్యాకెట్ తెమ్మన్నారు.

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ గుర్తున్నాయి, ఎందుకంటే అవి మీరు అడగాల్సినవి. ఈ ప్యాకెట్ షాపులో ఎన్నాళ్ళుగా ఉంది? ఫిబ్రవరి నుంచి. షాపుకి కప్పు ఏంటి? రేకులు. మేలో మా వైపు రేకుల కింద ఎంత కాక ఉంటుందో మధ్యాహ్నం రెండు గంటలకి ఒక్క పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. ఇందులో ఎంజైమ్ ఒక్కటేనా ఇంకేమైనా కలిపారా? మనకి సౌకర్యంగా ఉంటుందని డీలరు ముందే కోలిన్ క్లోరైడ్ (విటమిన్ లాంటి పోషకం), మినరల్ మిక్స్ అన్నీ కలిపి కాంబో కట్టి ఉంచాడు. డాక్టరు గారు తల పట్టుకున్నారు. కోలిన్ గాలిలోని చెమ్మ పీలుస్తుంది, ఖనిజ లవణాలు పక్కనే ఉన్నాయి, పైన రేకులు, నాలుగు నెలలు. ఎంజైమ్ అంటే ప్రొటీన్. వేడికీ చెమ్మకీ దాని రూపం చెడిపోతే పొడి పొడిగానే కనిపిస్తుంది, రంగు మారదు, వాసన రాదు, పని మాత్రం చేయదు. వేడి వేడి పాలల్లో తోడు వేస్తే పెరుగు తోడుకోదని మా అమ్మకి తెలుసు, అన్నలకి మాత్రం ఎంజైమ్ గురించి ఆ సంగతి తెలియదా?

నేనూ తప్పు చేశాను, దాచడం దేనికి. ఎముక అనగానే సున్నం గుర్తొస్తుంది కదా, డీసీపీ తగ్గించాను కాబట్టి కాల్షియం తగ్గుతుందేమోనని రాయి పొడి టన్నుకి అయిదు కిలోలు ఎక్కువ కలిపాను, మీకు చెప్పలేదు కూడా. అది ఇంకా దెబ్బ కొట్టింది. కాల్షియం మరీ ఎక్కువైతే ఫైటేట్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుందట, పైగా రాయి పొడి కోడి పొట్టలోని పులుపుని తగ్గిస్తుంది, ఆ పులుపులోనేమో ఫైటేజ్ పనిచేయాలి. ఉన్న కాస్త భాస్వరం కూడా అందకుండా నా చేత్తో నేనే చేసుకున్నాను. ఇంకో తప్పు, డీసీపీని షెడ్డు మొత్తానికి ఒక్కసారే తీసేశాను. కొన్ని కోళ్ళకి పాత దాణా ఉంచి చూసినట్టయితే మూల కూర్చున్నవి ఏ దాణా తిన్నవో వారం ముందే తెలిసేది.

కానీ లెక్క చూడండి. నా తప్పులు, రేకుల కప్పు అన్నీ పక్కన పెట్టినా, "సగం తీసెయ్యి" అన్న మాటే తప్పు. కిలో దాణాకి 500 యూనిట్ల ఫైటేజ్ బాగా పనిచేస్తే అటూ ఇటూగా 0.1 శాతం భాస్వరం విడుదల అవుతుంది, అంటే టన్నుకి ఒక కిలో. డీసీపీలో భాస్వరం 18 శాతం. కిలో భాస్వరం కావాలంటే అయిదున్నర కిలోల డీసీపీ. నా పదహారు కిలోల్లో తీయగలిగింది అయిదు, అయిదున్నర. అది కూడా పొడి బతికి ఉంటేనే. ఎనిమిది ఎక్కడ నుంచి వచ్చింది? ఐదో తరగతి పిల్లాడు చేసే గుణకారం ఇది, మీ బ్రోచర్‌లో లేదు.

ఆ బ్యాచ్‌లో కాళ్ళు పడిపోయినవి పడిపోగా, మిగిలినవి నలభై రోజులకి కిలో ఏడు వందల గ్రాములు దాటలేదు. ట్రేడరు నడవలేని కోళ్ళు వద్దన్నాడు. ఫోన్ చేస్తే మీ అన్న చెప్పిన జవాబు, "మీ మేనేజ్‌మెంట్‌లో లోపం ఉంది అన్నా." 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కూడా నాకు ఇంత బాధ కలగలేదు. అది రోగం, మన చేతిలో లేదు. ఇది డబ్బులిచ్చి కొనుక్కున్నది.

సరే, ఆ సంగతి అయిపోయింది. ఇప్పుడు మీరు తెస్తున్న కొత్త ప్యాకెట్ల గురించి మాట్లాడదాం. పది ఎంజైములు ఒక్క ప్యాకెట్‌లో అంటారు, పేర్లన్నీ ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో రాసి ఉంటాయి. జైలనేజ్ (గింజల్లో, తవుడులో ఉండే పీచుని విడగొట్టేది), బీటా గ్లూకనేజ్, మానానేజ్, సెల్యులేజ్, పెక్టినేజ్, ప్రోటియేజ్ (ప్రొటీన్‌ని అరిగించేది), అమైలేజ్, ఇంకా ఏవేవో. బీటా గ్లూకనేజ్ ముఖ్యంగా బార్లీ కోసం. మా వైపు బార్లీ ఏ కోడికి పెడుతున్నారో చెప్పండి, మేం బార్లీ చూసేది ఎండాకాలం నీళ్ళు కాచుకునేటప్పుడే. మానానేజ్ గోరుచిక్కుడు చెక్క వేసేవాళ్ళకి నిజంగా పనికొస్తుంది, ఆ చెక్కలోని జిగురు వల్ల రెట్ట బంకలా అంటుకుంటుంది, వాడినవాళ్ళకి తెలుసు. నా దాణాలో ఆ చెక్క లేదు. రోట్లో చింతకాయ లేకుండా పచ్చడి బండ ఎంత తిప్పితే ఏమొస్తుంది, బండ అరుగుతుంది.

కాబట్టి ప్యాకెట్ బయటికి తీసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, నీ దాణాలో ఏమేం ఉన్నాయి?" ఇన్నేళ్ళలో మీలో ఒక్కరు కూడా నన్ను ఆ మాట అడగలేదు. ఎన్ని కోళ్ళు అని అడుగుతారు, డబ్బు ఎప్పుడిస్తావని అడుగుతారు.

ఆ దెబ్బ తర్వాత నేనే ఒక చిన్న ప్రయత్నం చేశాను. షెడ్డులో ఒక చివర వల కట్టి నాలుగు గదులు చేశాను, గదికి నూట యాభై కోళ్ళు. రెండు గదులకి మొక్కజొన్న, సోయా మాత్రమే, అందులో ఒకదానికి జైలనేజ్. ఇంకో రెండిటికి టన్నుకి నూట ఇరవై కిలోల తవుడు, అందులోనూ ఒకదానికి జైలనేజ్. ఈసారి పొడి సీలు ప్యాకెట్ తెప్పించి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టాను (మా ఆవిడ తిట్టింది, అది వేరే కథ). వంద గ్రాములు నేరుగా మిక్సర్‌లో పడేస్తే ఎక్కడిదక్కడే ఉండిపోతుంది కాబట్టి ముందు రెండు కిలోల మొక్కజొన్న పిండిలో, తర్వాత దాన్ని ఇరవై కిలోల్లో కలిపి, అప్పుడు మిక్సర్‌లో వేశాను. మొక్కజొన్న సోయా గదుల్లో నా కంటికి గానీ నా కాటాకి గానీ తేడా తెలియలేదు. తవుడు గదుల్లో మాత్రం ఎంజైమ్ వేసిన వైపు ఊక పొడిగా ఉంది, వేయని వైపు డ్రింకర్ల కింద అట్ట కట్టింది, అమోనియా వాసన కూడా అక్కడే ఎక్కువ. ఒక్క బ్యాచ్ చూసి చెప్పేది పరిశోధన కాదు, నాకు తెలుసు. కానీ నా షెడ్డులో నాకు అర్థమైంది ఏంటంటే, తవుడు వేసే నెలల్లో జైలనేజ్ కొంటాను, వేయని నెలల్లో కొనను. మొక్కజొన్న కంటే తవుడులో అరగని పీచు ఎక్కువ, భాస్వరం కూడా నాలుగైదు రెట్లు ఎక్కువ, పైగా అందులో ఎక్కువ భాగం ముడిపడి ఉన్నదే. ఎంజైముకి పని ఉన్నది అక్కడ. నెల్లూరు మిల్లుల తవుడు చుట్టూ కట్టుకున్న ప్రాంతంలో మీకు ఇంతకంటే మంచి అమ్మకం మాట ఏం కావాలి? అది వదిలేసి "గ్రోత్ బాగుంటుంది" అంటారు.

ఇంకోటి, మ్యాట్రిక్స్ అని ఒక కాగితం చూపిస్తారు. ఫైటేజ్ వేస్తే ఇన్ని కేలరీలు, ఇంత ప్రొటీన్ మిగులు, జైలనేజ్‌కి ఇంత, ప్రోటియేజ్‌కి ఇంత. మూడూ కొంటే మూడూ కూడుకుని దాణాలో నూనె, సోయా తగ్గించమంటారు. ఒకే బావికి ముగ్గురు అన్నదమ్ములు మూడు మోటార్లు బిగించి, నీళ్ళు మూడింతలు వస్తాయని నారు పోసుకున్నట్టుంది ఇది. కోడి కడుపులో అరగకుండా మిగిలేది ఎంతుందో అంతే, మొదటి ఎంజైమ్ కొంత అరిగిస్తే రెండోదానికి మిగిలేది తక్కువ. ఈ ముక్క మీ పెద్ద న్యూట్రిషనిస్టులకి బాగా తెలుసు, కంపెనీ దాణా ఫార్ములా కట్టేటప్పుడు వాళ్ళు అట్టా కూడరు. మా దగ్గరికి వచ్చేసరికే కూడిక వస్తుంది.

యూనిట్ల మాట కూడా తేల్చుకోవాలి. ఫైటేజ్ యూనిట్ అంటే 37 డిగ్రీల దగ్గర, పీహెచ్ 5.5 దగ్గర, నిమిషానికి ఒక మైక్రోమోల్ భాస్వరం విడదీసే శక్తి అని చదివాను. కందనకాయ వేపుడు ఇష్టంగా తినే అన్నలకి ఒక సంగతి: బతికున్న కోడి కందనకాయలో పులుపు దీనికంటే చాలా ఎక్కువ. ఫైటేజ్ పని ఎక్కువగా మేత సంచిలో, ఆ కందనకాయ దగ్గరే జరగాలి. కాబట్టి ప్యాకెట్ మీద ఇద్దరిదీ 5000 అని ఉన్నా, అంత పులుపులో ఎవరిది నిలబడుతుందో అంకెని బట్టి తెలియదు. జైలనేజ్ అయితే ఇంకా అన్యాయం, ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది, ఒకరిది ఎనిమిది వేలు, ఇంకొకరిది లక్ష. లక్ష ఉన్నది గొప్పదనుకుని కొనేవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. పెల్లెట్ (గుళికల) దాణా కొట్టించేవాళ్ళకి ఇంకో చిక్కు, ఆవిరిలో 80, 85 డిగ్రీలు దాటుతుంది, పైపూత లేని ఎంజైమ్ అక్కడే చచ్చిపోతుంది. ఆ పూత ఉందో లేదో ఎంతమంది చెబుతున్నారు?

2019లో కేంద్రం కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని కోళ్ళకి వాడొద్దని నిషేధించింది, మంచిదే. ఆ వెంటనే మీరు "దాని బదులు ఎంజైమ్" అని మొదలుపెట్టారు. ఎంజైమ్ మందు కాదు. కాక్సీ (కోళ్ళ పేగులకి వచ్చే కాక్సిడియోసిస్ రోగం) వచ్చిన షెడ్డులో ఎంజైమ్ పోసి నాలుగు రోజులు ఎదురు చూసిన మా బంధువు ఒకాయన ఉన్నాడు, చూసింది చాలు. 2021లో సోయా చెక్క కిలో వంద రూపాయల దగ్గరికి పోయి, కేంద్రం బయటి దేశాల నుంచి పన్నెండు లక్షల టన్నులు తెప్పించుకోడానికి అనుమతిచ్చినప్పుడు ప్రోటియేజ్ వేస్తే సోయా తగ్గించుకోవచ్చన్నారు. కొంత నిజమే కావచ్చు. ఎంత తగ్గించాలి అని అడిగితే "మీ ఇష్టం అన్నా" అన్నారు. నా ఇష్టం అయితే ఇక మీరెందుకు?

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ప్యాకెట్ మీద తెలుగులో, ఇది ఏ ఎంజైమ్, గ్రాముకి ఎన్ని యూనిట్లు, తయారైన తేదీ, ఎంత వేడి దాటకుండా దాచాలి, ఏ దినుసు వేసే దాణాలో పనిచేస్తుంది, ఇది వేస్తే దాణాలోంచి ఏది ఎన్ని కిలోలు తీయాలి. ఆ చివరిది రాయకపోతే మిగతాదంతా వృథా, ఎందుకంటే ఏమీ తీయకుండా పైన చల్లుకుంటే అది నాకు ఖర్చే తప్ప మిగులు కాదు, ఎక్కువ తీస్తే ఏమవుతుందో పైన చెప్పాను. డీలరు అన్నలకి కూడా ఒక మాట, కాంబో ప్యాకెట్లు కట్టకండి. ఎండాకాలం నాలుగు నెలలకి సరిపడా సరుకు ముందే దించకండి. ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులు పెట్టే చోటు కాస్త దీనికి ఇవ్వండి.

పశుసంవర్ధక శాఖ వారు కూడా ఇది చదివితే సంతోషం. పశువుల దాణా తయారీ, నాణ్యత, అమ్మకాల మీద 2020లో రాష్ట్రం చట్టం తెచ్చింది కదా, దాణా బస్తాలో ప్రొటీన్ ఎంత, పీచు ఎంత అని చూసినట్టే, ఎంజైమ్ ప్యాకెట్‌లో బతికి ఉన్న యూనిట్లు ఎన్నో కూడా మేలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి షాపుల్లో నుంచి నమూనాలు తీసి చూడండి. కంపెనీ గోడౌన్ నుంచి కాదు, మేం కొనే షాపు నుంచి. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు తవుడు ఎంత శాతం వేస్తే డీసీపీ, రాయి పొడి ఎంతెంత ఉండాలో ఒక్క పేజీ తెలుగులో వేసి ఇస్తే, మా లాంటి వాళ్ళు గోడకి అంటించుకుంటాం.

వచ్చే నెల మొదటి వారంలో మళ్ళీ పిల్లలు దించుతున్నాను. నా దాణా చిట్టా, ఏ దినుసు టన్నుకి ఎన్ని కిలోలో, తవుడు ఎంతో, డీసీపీ ఎంతో, షెడ్డు గేటుకి అట్ట మీద రాసి కట్టాను. ఒంగోలు అన్న వచ్చినా నెల్లూరు అన్న వచ్చినా ముందు దాని దగ్గర నిలబడి చదవండి. చదివాక బ్యాగు తెరవాలో వద్దో మీరే చెప్పండి, టీ అయితే ఎట్టాగూ ఇస్తాను.

ఇట్లు,
కందుకూరు వైపు ఒక బ్రాయిలర్ రైతు